ఆక్యుపేషనల్ థెరపీ చదువు ఖర్చు: మా ప్రణాళిక

మేము ఆక్యుపేషనల్ థెరపీ చదువుతున్నవాళ్లం, చదివి పనిచేస్తున్నవాళ్లం, పిల్లల్ని ఈ కోర్సులో చేర్చిన తల్లిదండ్రులం. ఇంటర్ బైపీసీ పాసై ఈ పని నేర్చుకోవాలనుకున్న ఏ ఒక్కరూ డబ్బు లేక వెనుదిరగకూడదన్నది మా పట్టుదల.

పక్షవాతం వచ్చిన మనిషి మళ్లీ తన చేత్తో అన్నం కలుపుకోవాలన్నా, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పాప తన గౌను గుండీలు తానే పెట్టుకోవాలన్నా పక్కన శిక్షణ పొందిన మనిషి ఉండాలి. 1950లో బొంబాయి కేఈఎం ఆస్పత్రిలో కమలా నింబ్కర్ మనదేశంలో ఈ విద్యకు మొదటి బడి పెట్టారు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలోనూ దీనికి చోటుంది. అయినా ఎడ్యుకేషన్ లోన్ కోసం వెళ్లిన తండ్రి ఇది ఏం కోర్సో, ఉద్యోగం వస్తుందో రాదో బ్యాంకు కౌంటరు దగ్గర నిలబడి చెప్పుకోవాల్సి వస్తోంది. 7.5 లక్షల దాకా తాకట్టు లేని విద్యారుణాలకు కేంద్రం హామీ నిధి పెట్టింది. ఆ సంగతి తెలియనివాళ్లు ఇంటి కాగితాలు పట్టుకుని తిరుగుతున్నారు. ఇకమీదట అలాంటి కుటుంబం వెంట మాలో ఒకరు బ్యాంకుకు వెళ్తారు. లోన్ ఇవ్వనంటే కారణం కాగితం మీద రాసిమ్మని అడుగుతారు.

ఫీజు ఒక్కటే ఖర్చు కాదు. చేతిని సరైన తీరులో నిలిపి ఉంచే స్ప్లింట్ చేయాలంటే ప్లాస్టిక్ షీటును వేడినీళ్లలో మెత్తబరచి, పేషెంటు చేతిమీద పరిచి, అది గట్టిపడేలోగా బొటనవేలి దగ్గర వంపు తేవాలి. కొద్ది నిమిషాల్లో అయిపోవాలి. మొదటిసారే కుదరడం అరుదు. షీటు ఖరీదు తలచుకుని వెనక నిలబడి చూసే విద్యార్థికి డిగ్రీ వస్తుందేమో గానీ ఆ పని రాదు. పాడుచేసి నేర్చుకోవడానికి కావలసిన సామగ్రి కాలేజీయే ఇవ్వాలి, దానికి విడిగా వసూలు చేయకూడదు.

ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని కాలేజీలు సర్టిఫికెట్లు ఆపడం మాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం. సర్టిఫికెట్ లేక ఉద్యోగం ఆగుతుంది, లోను మీద వడ్డీ ఆగదు. ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్య ఉన్న లెక్కను పిల్లల మెడకు చుట్టడాన్ని ఒప్పుకోం.

కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో, కోల్‌కతాలో, చెన్నై దగ్గర ముట్టుకాడులో కేంద్రప్రభుత్వ సంస్థలు ఈ కోర్సు నడుపుతున్నాయి. ప్రవేశ పరీక్ష రాసి చేరాలి. మన బైపీసీ పిల్లల్లో చాలామందికి ఈ సంస్థల సంగతే తెలియదు. ఏటా జూనియర్ కాలేజీలకు వెళ్లి చెప్తాం. ప్రైవేటు సెంటర్లలో మొదటి జీతం ఎంత ఉంటుందో కూడా దాచకుండా చెప్తాం, ఎంత అప్పు మోయగలరో ఆ జీతాన్ని బట్టే తేల్చుకోవాలి గనుక. అంతదూరం పంపలేని ఇళ్ల కోసం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ ఫీజుతో సరిపడా సీట్లు ఉండాలి.

ఇంటర్న్‌షిప్‌లో హౌస్‌సర్జన్లకు స్టైపెండ్ ఇస్తారు. అదే ఆస్పత్రిలో రోజంతా పేషెంట్లతో పనిచేసే మా పిల్లలకూ ఇవ్వాలి. ఇది ముందు మా ఇళ్లలోనే మొదలవ్వాలి: మాలో సొంత క్లినిక్ ఉన్నవాళ్లెవరూ స్టైపెండ్ ఇవ్వకుండా ఇంటర్న్‌చేత పనిచేయించుకోరు. ఈ షరతుకు సంతకం పెట్టినవాళ్లకే మా బృందంలో సభ్యత్వం.