కాగితం కాదు, రోగిని చూడాలి

వారాల తరబడి విడవని జ్వరం, కీళ్లనొప్పులు, నోటిలో పుండ్లు, ఎండ సోకితే ముఖంపై దద్దుర్లు. ఈ బాధలతో ఆస్పత్రికి వచ్చిన యువతికి తొలుత మలేరియా, టైఫాయిడ్ పరీక్షలు, ఆపై క్షయ మందులు, ఎప్పటికో గాని ‘లూపస్’ అనే పేరు వినిపించకపోవడం మన దేశంలో పరిపాటి అయింది. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు ఉన్న దేశంలో వైద్యుడు ముందుగా క్షయను అనుమానించడం తప్పు కాదు. ఆ అనుమానం నిలవనప్పుడైనా మరో దిక్కు చూడకపోవడమే తప్పు.

దేహాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ సొంత అవయవాలపైనే దాడికి దిగడం లూపస్ స్వభావం. వ్యాధిగ్రస్తుల్లో పదింట తొమ్మిది మంది స్త్రీలే. వారిలో అత్యధికులు సంతానం కనే వయసులోనివారు. బుగ్గలపై సీతాకోకచిలుక ఆకారంలో ఎర్రని మచ్చ వస్తుందని పాఠ్యగ్రంథాలు చెబుతాయి. అది అందరికీ రాదు. వచ్చినా చామనచాయ చర్మంపై ఆ ఎరుపు స్పష్టంగా కనిపించదు.

1948లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు ‘ఎల్‌ఈ కణం’ కనుగొనడంతో ఈ వ్యాధికి ప్రయోగశాల ఆధారం లభించింది. దాని స్థానాన్ని తరువాత ఏఎన్‌ఏ రక్తపరీక్ష ఆక్రమించింది. లూపస్ రోగుల్లో దాదాపు అందరికీ ఇది పాజిటివ్‌గా వస్తుంది. కనుక నెగటివ్ ఫలితానికి విలువ ఎక్కువ. పాజిటివ్ ఫలితం సంగతి వేరు. రక్తద్రవాన్ని 40 రెట్లు పలుచన చేసి పరీక్షిస్తే ఆరోగ్యవంతుల్లోనూ సుమారు 30 శాతం మందికి, 160 రెట్లు చేసినా 5 శాతం మందికి పాజిటివ్ వచ్చినట్లు 1997లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం తేల్చింది. క్షయకు వాడే ఐసోనియాజిడ్ సైతం ఈ ఫలితాన్ని తెప్పించగలదు.

అందుకే 2019లో ఐరోపా, అమెరికా రుమటాలజీ సంఘాలు రూపొందించిన ప్రమాణాల్లో ఏఎన్‌ఏ కేవలం ప్రవేశద్వారం. ఆ పైన జ్వరం, కీళ్లు, చర్మం, రక్తకణాలు, మూత్రపిండాలు వంటి అంశాలకు మార్కులు వేసి, మొత్తం 10కి చేరితేనే లూపస్‌గా పరిగణిస్తారు. ఈ కొలమానం సైతం పరిశోధనల కోసం ఏర్పడినదే. నిర్ధారణ భారం చివరకు వైద్యుని విచక్షణదే.

ఆ విచక్షణ లోపిస్తే నష్టం రెండు విధాలు. వ్యాధి ఉన్నవారు గుర్తింపు లేక మూత్రపిండాలు పోగొట్టుకుంటారు. వ్యాధి లేనివారు ఒక్క కాగితాన్ని చూసి స్టెరాయిడ్ల పాలవుతారు. పెళ్లి కావలసిన అమ్మాయికి ఆ ముద్ర ఎంత భారమో చెప్పనక్కరలేదు. క్షయ దాగి ఉన్న రోగికి స్టెరాయిడ్లు ఇస్తే అది విజృంభించే ప్రమాదమూ ఉంది.

లూపస్ మూత్రపిండాలను దెబ్బతీసేటప్పుడు తరచు నొప్పి కూడా తెలియదు. మూత్రంలో మాంసకృత్తులు, రక్తకణాలు పోతున్నాయేమో చూడటం, రక్తపోటు కొలవడం, రక్తకణాలను లెక్కించడం, క్రియాటినిన్ పరీక్షించడం ఏ జిల్లా ఆస్పత్రికీ శక్తికి మించిన పనులు కావు. అనుమానం బలపడితేనే డీఎన్‌ఏ ప్రతిరక్షకాలు, సీ3, సీ4 పరీక్షలకు, అవసరమైతే మూత్రపిండపు బయాప్సీకి వెళ్లవచ్చు. చికిత్సకు మూలాధారమైన హైడ్రాక్సీక్లోరోక్విన్ మన దేశంలోనే తయారవుతోంది. 2020లో కరోనా భయంతో జనం ఆ మాత్రల కోసం ఎగబడినప్పుడు గాని లూపస్ రోగులకు అది ప్రాణాధారమన్న సంగతి పలువురికి తెలియలేదు.

లక్నో ఎస్‌జీపీజీఐ, వెల్లూరు సీఎంసీ, హైదరాబాద్ నిమ్స్ వంటి సంస్థల్లో ఈ విభాగపు నిపుణులున్నారు. కాని రోగి మొదట వెళ్లేది వారి వద్దకు కాదు, ఊరి డాక్టరు వద్దకు. కనుక జిల్లా వైద్యులకు ఈ వ్యాధిపై శిక్షణ ఇవ్వాలి. పరీక్ష ఏ పద్ధతిలో, ఎంత పలుచనలో చేసిందీ ప్రతి లేబొరేటరీ నివేదికలో తప్పనిసరిగా పేర్కొనేలా చూడాలి. అంతుపట్టని జ్వరంతో వచ్చిన ప్రతి యువతికీ మూత్రపరీక్ష జరగాలి. దీనికయ్యే ఖర్చు స్వల్పం. జరగకపోతే మిగిలేది జీవితాంతం డయాలిసిస్ కావచ్చు.