గుడిసె కాలితే ‘చిన్న ప్రమాద’మేనా?

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా దేశమంతటా అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతారు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పేలుడు సామగ్రి నింపుకొన్న ఓడ పేలిపోయింది. ఆ మంటలార్పడానికి వెళ్ళిన సిబ్బందిలో 66 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్ళ జ్ఞాపకార్థమే ఈ వారోత్సవాలు. ఆ త్యాగానికి తలవంచి నమస్కరించాల్సిందే. ఏప్రిల్ అంటే మన పల్లెల్లో తాటాకు పాకలూ, గడ్డివాములూ భగ్గుమనే కాలం కూడా. ఆ వారంలో కరపత్రాలు పంచుతారు, సిలిండర్ ఎట్లా కట్టెయ్యాలో చూపిస్తారు. మంచిదే. అయితే కూలిజనం అడిగేది వేరే ప్రశ్న. “వాడ తగలబడితే ఫైరింజను ఎందుకు వేళకు రాదు? వచ్చేసరికి బూడిదేగా మిగిలేది?”

ఫైరింజను నడిపే డ్రైవరు బద్ధకస్తుడు కాబట్టి కాదు. పైపు పట్టుకునే ఫైర్‌మన్‌కి మనమీద జాలి లేక కాదు. వాళ్ళూ కష్టజీవులే. అసలు జవాబు లెక్కల పుస్తకాల్లో ఉంది. అగ్నిమాపక కేంద్రం ఎవరి జాబితాలో ఉంది, ఏ ప్రమాదాన్ని ఏ తరగతి కింద రాస్తారు, డబ్బు ఎవరిస్తారు – ఈ మూడు సంగతులూ తెలుసుకుంటే మన పల్లె ఎక్కడుందో బోధపడుతుంది.

జాబితాలో పల్లె లేదు

1992లో పార్లమెంటు రాజ్యాంగానికి రెండు సవరణలు చేసింది. 73వ సవరణ పంచాయతీలకు, 74వ సవరణ మున్సిపాలిటీలకు. మున్సిపాలిటీలకిచ్చిన 12వ షెడ్యూలులో 18 అంశాలున్నాయి. అందులో ఏడోది అగ్నిమాపక సేవ. పంచాయతీలకిచ్చిన 11వ షెడ్యూలులో 29 అంశాలున్నాయి. వ్యవసాయం ఉంది, పశుపోషణ ఉంది, పశుగ్రాసం ఉంది. నిప్పార్పే సంగతి మాత్రం లేదు. గడ్డి పెంచడం పంచాయతీ చూసుకోవాలట, ఆ గడ్డి అంటుకుంటే ఎవరు చూడాలో రాయలేదు!

మన రెండు రాష్ట్రాల్లోనూ ఈ శాఖను రాష్ట్ర ప్రభుత్వమే నడుపుతోంది. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో చేసిన అగ్నిమాపక చట్టమే దానికి మూలం. కాబట్టి పంచాయతీ మీదికి నెట్టే వీల్లేదు, బాధ్యత పూర్తిగా ప్రభుత్వానిదే. మరి ఆ ప్రభుత్వం ఏ కొలత ప్రకారం స్టేషన్లు పెట్టాలి? కొలత లేకపోలేదు. కేంద్ర హోంశాఖ కింద 1955లో ఏర్పడ్డ స్థాయీ అగ్నిమాపక సలహా సంఘం చెప్పిన లెక్క ఒకటుంది. పట్టణంలో 10 చదరపు కిలోమీటర్లకు ఒక స్టేషన్, పల్లెల్లో 50 చదరపు కిలోమీటర్లకు ఒక స్టేషన్ ఉండాలి. కబురందాక పల్లెలో 20 నిమిషాల్లో బండి చేరాలి.

ఈ లెక్కని మన నేలమీద పెట్టి చూద్దాం. తెలంగాణ విస్తీర్ణం 1,12,077 చదరపు కిలోమీటర్లు. 50 చొప్పున భాగిస్తే 2,200 పైచిలుకు స్టేషన్లు కావాలి. అంటే మండలానికి మూడో నాలుగో. ఆంధ్రప్రదేశ్ ఇంకా పెద్దది, అక్కడ ఇంకా ఎక్కువ కావాలి. నిజంగా ఉన్నవెన్ని? రెండు రాష్ట్రాల్లోనూ మండలానికి ఒకటి కూడా లేదు. నియోజకవర్గానికి ఒకటి పెట్టడమే ఘనకార్యంగా నాయకులు చెప్పుకుంటారు. తెలంగాణలో 119 నియోజకవర్గాలు. అన్నిట్లోనూ ఒక్కొక్కటి పెట్టినా సగటున 940 చదరపు కిలోమీటర్లకు ఒకటి పడుతుంది. ఉండాల్సిన చోటుకి పంతొమ్మిది రెట్లు! నియోజకవర్గం ఓట్లకి కొలత, నిప్పుకి కాదు. ఎమ్మెల్యే ఉండే ఊరు చూసుకుని అంటుకునే నిప్పు ఎక్కడా లేదు.

ఎట్లాగో బండి వచ్చిందనుకుందాం. మామూలు వాటర్ టెండర్‌లో పట్టేది 4,500 లీటర్లు. గట్టిగా కొడితే పావుగంట రావడం కష్టం. మళ్ళీ నింపుకోడానికి చెరువుకి దారుండాలి, లేదా బోరుకి కరెంటుండాలి. వాడలోకి బండి మలుపు తిరగాలి. ఊరి మధ్య వీధి సిమెంటు రోడ్డయింది గానీ మన వాడ సందు సందుగానే ఉంది.

రూపాయితో కొలిచే మంట

ఇక రెండో పుస్తకం. ప్రమాదం జరిగాక దాన్ని ఒక తరగతి కింద రాస్తారు. ప్రాణనష్టం ఉందా, కాలిన ఆస్తి ఎన్ని రూపాయలది అన్నదాన్ని బట్టి స్మాల్, మీడియం, సీరియస్ అని విడదీస్తారు. చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది. కాస్త ఆగి ఆలోచించండి. కోటి రూపాయల సరుకున్న గోడౌన్‌లో ఒక మూల కాలితే పెద్ద ప్రమాదం. యజమానికి బీమా ఉంటుంది, బ్యాంకుంటుంది, మర్నాడు ఇంకో గోడౌన్ తెరుస్తాడు. కూలిమనిషి గుడిసె మొత్తం కాలితే? తాటాకులూ వాసాలూ, రెండు బస్తాల బియ్యం, నాలుగు చీరలు, పిల్లల పుస్తకాలు, రేషను కార్డు, ఆధార్. వెల కడితే ఎంతవుతుంది? కాబట్టి అది ‘స్మాల్’. ఆ కుటుంబానికి ఉన్నదంతా పోయింది, అయినా పుస్తకంలో చిన్న ప్రమాదమే. ఉన్నవాడికి కొంచెం పోతే పెద్ద మంట, లేనివాడికి అంతా పోతే చిన్న మంట. వర్గ సమాజం అంటే ఇదే మరి!

శాఖ ఏడాది చివర చెప్పుకునే లెక్కలోనూ ఇదే కొలత. ఇన్ని కోట్ల ఆస్తి కాపాడామంటారు. ఇరవై గుడిసెల్ని కాపాడితే ఆ అంకెలో కనపడదు, ఒక పెద్ద దుకాణాన్ని కాపాడితే కనపడుతుంది.

దీనికి తోడు ఇంకో తిరకాసుంది. శాఖ లెక్కపెట్టేది తనకొచ్చిన కబుర్లని. బండి వేళకు రాదని తెలిసిన పల్లెల్లో జనం ఫోను కోసం చూడరు. బిందెలూ బకెట్లూ పట్టుకుని వాళ్ళే ఉరుకుతారు, వేపకొమ్మలతో వాళ్ళే కొడతారు. ఫోను లేదు కాబట్టి కబురు లేదు. కబురు లేదు కాబట్టి ఆ ప్రాంతంలో ప్రమాదాలు తక్కువ. ప్రమాదాలు తక్కువ కాబట్టి స్టేషన్ అక్కర్లేదు. స్టేషన్ లేదు కాబట్టి ఫోను లేదు. గానుగెద్దులా తిరుగుతూ ఉండండి!

పరిహారం పట్టికా ఇదే తీరు. విపత్తుల జాబితాలో అగ్నిప్రమాదం ఉంది. 2022–26 కాలానికి కేంద్రం ప్రకటించిన పట్టిక ప్రకారం మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా పోతే 1,20,000 రూపాయలు, అది కచ్చా ఇల్లయినా సరే. అదే ‘గుడిసె’ అని రాస్తే 8,000! బట్టలకు 2,500, గిన్నెలకు 2,500. కచ్చా ఇంటికన్నా తక్కువదీ, గడ్డి, మట్టి, ప్లాస్టిక్ పట్టాలతో కట్టుకున్నదీ గుడిసె అని నిర్వచనం. రెవెన్యూ వాళ్ళు పంచనామాలో రాసే ఒక్క మాటతో లక్షా పన్నెండు వేలు తేడా వస్తుంది. అంచేత పంచనామా రాసేటప్పుడు మన సంఘం మనిషి పక్కన ఉండి తీరాలి. గోడలుంటే గోడలున్నాయని రాయించాలి.

డబ్బు ఎక్కడికి పోతోంది

మూడోది డబ్బు. 15వ ఆర్థిక సంఘం సిఫార్సు మీద 2021–26 కాలానికి అగ్నిమాపక సేవల విస్తరణ, ఆధునీకరణ పేరుతో 5,000 కోట్లు కేటాయించారు. ఆ పథకాన్ని కేంద్రం 2023లో, అంటే సగం కాలం గడిచాక, మొదలుపెట్టింది. అందులో 500 కోట్లు సంస్కరణలు చేసిన రాష్ట్రాలకు ప్రోత్సాహకం. మన రాష్ట్రాల్లాంటివి ఖర్చులో 25 శాతం సొంతంగా పెట్టుకోవాలి. అయిదు వేల కోట్లు వినడానికి గొప్పగానే ఉంది. అయిదేళ్ళకి పంచి, 140 కోట్ల జనానికి పంచితే తలకి ఏడాదికి 7 రూపాయలు. ఒక టీ రాదు.

ఆ ఏడు రూపాయల్లోనూ పల్లె వాటా ఎంతని విడిగా చెప్పే పద్దు కావాలి. హైదరాబాదులో 54 మీటర్ల ఎత్తుకు లేచే నిచ్చెన బండి ఉంది. ఉండాల్సిందే, ఎత్తయిన మేడల్లో ఉన్నవాళ్ళూ మనుషులే. మేం నగరానికీ పల్లెకీ తగువు పెట్టడం లేదు. నగరంలోనూ కాలిపోతున్నది మనవాళ్ళే. 2022 మార్చి 23న సికింద్రాబాద్ బోయిగూడలో స్క్రాప్ గోడౌన్ తగలబడి, పైన నిద్రపోతున్న బీహార్ వలస కూలీలు 11 మంది చనిపోయారు. మేడకి నిచ్చెన, కూలికి బూడిద – తగువు ఇక్కడుంది.

మనం ఏం అడగాలి

“ప్రతి 50 చదరపు కిలోమీటర్లకీ స్టేషన్ అంటే అయ్యే పనేనా?” అని అధికారులు నవ్వుతారు. రేపే అన్నీ కట్టమని మేం అనడం లేదు. ఈ లోపు చేయగలిగినవి బోలెడున్నాయి.

ఒకటి: ప్రతి పంచాయతీ గోడమీదా దగ్గరి ఫైర్ స్టేషన్ ఏది, ఎంత దూరం, ఎన్ని బండ్లున్నాయి, ఎన్ని పోస్టులు ఖాళీ అన్నది రాయాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఇది అడిగే హక్కు మనకుంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు ఫీజు కూడా లేదు.

రెండు: కొత్త స్టేషన్ ఎక్కడ పెట్టాలన్నది 20 నిమిషాల లెక్కన తేల్చాలి. మారుమూల మండలాలకు పెద్ద బండి కాకపోయినా, పంపు బిగించిన చిన్న బండి ముందు ఇవ్వాలి. ఊళ్ళోని ప్రతి ఓవర్‌హెడ్ ట్యాంకు కింద బండి నింపుకునే పెద్ద కుళాయి పెట్టాలి.

మూడు: ఖాళీ పోస్టులు నింపాలి, ప్రాణాలకు తెగించే పనికి పర్మనెంటు ఉద్యోగమే ఇవ్వాలి. పల్లె యువకులకు శిక్షణా, జీతమూ రెండూ ఇవ్వాలి. వట్టి సేవ పేరుతో చాకిరీ చేయించుకోవడం కుదరదు.

నాలుగు: ప్రమాదాన్ని రూపాయితో కాదు, ఎన్ని కుటుంబాలు నీడ పోగొట్టుకున్నాయన్న దాన్ని బట్టి వర్గీకరించాలి. ఒక్క కుటుంబం సర్వం కోల్పోయినా అది సీరియస్ ప్రమాదమే.

అయిదు: పరిహారంలో గుడిసెకీ కచ్చా ఇంటికీ తేడా ఎత్తెయ్యాలి. కాలిపోయిన కార్డులు ఆఫీసుల చుట్టూ తిప్పకుండా వారంలో ఇవ్వాలి.

వీటన్నిటికీ మించింది ఒకటుంది. నిప్పంటని కప్పు కావాలి. గుడిసెలు మునుపటికంటే తగ్గిన మాట నిజం. కానీ మిగిలినవి ఎవరివి? స్థలం లేనివాళ్ళవి, పట్టా లేనివాళ్ళవి, పని వెతుక్కుంటూ ఊళ్ళు మారేవాళ్ళవి. ఇంటిస్థలం పట్టా, పక్కా ఇల్లు ఇచ్చిన రోజున సగం ఫైరింజన్ల పని తగ్గుతుంది. అందుకే ఇళ్ళస్థలాల పోరాటమూ, అగ్నిమాపక కేంద్రం కోసం అడగడమూ వేర్వేరు పనులు కావు.

ఈ ఎండాకాలం వాడవాడకీ వెళ్ళి లెక్క మనమే రాద్దాం. అయిదేళ్ళలో ఏ గుడిసె ఎప్పుడు కాలింది, బండి ఎన్ని నిమిషాలకు వచ్చింది, అసలు వచ్చిందా, పరిహారం ఎంత ముట్టింది – నోటుపుస్తకంలో ఎక్కించి, ఊరిజనం సంతకాలతో మండలాఫీసు ముందు పెడదాం. వాళ్ళ పుస్తకంలో లేని మంటలు మన పుస్తకంలో ఉన్నాయని చూపిద్దాం. లెక్కలోకి రానంతకాలం మన గుడిసె వాళ్ళకి చిన్న ప్రమాదంగానే ఉండిపోతుంది.