పలకమీది వ్రాత, కణములోని వ్రాత

మార్కాపురపు పలకలమీద ఆంధ్రబాలు రెందఱో ఓనమాలు దిద్దిరి. పలకమీది వ్రాత తుడిచినంతనే పోవును. రాతిమీద చెక్కినది తరములు నిలుచును. జీవకణమందును ఈ రెండువిధములైన వ్రాతలు గలవు. డీఎన్ఏ శిలాశాసనము వంటిది. ఆర్ఎన్ఏ చాలవఱకు, ఆ శాసనమునుండి కావలసిన భాగము నెత్తి వ్రాసికొని, పని తీరినపిదప తుడిచివేయు పలక వంటిది.

బ్రతికియున్న కణములో క్రొత్తవ్రాత యెప్పుడు సాగుచున్నదో తెలిసికొనుట యెట్లు? రంగు పూసి చూచు పాతపద్ధతిలో కణము చచ్చును. పాతవ్రాతయు క్రొత్తవ్రాతయు ఒక్కరీతిగనే రంగెక్కును. అందుచే శాస్త్రజ్ఞులు ఒక యక్షరమునకు చిన్నగుర్తు తగిలించి కణమున కందించిరి. కణము దానిని తన సొంత యక్షరమే యనుకొని క్రొత్తవ్రాతలో చేర్చుకొనును. 1957లో అమెరికాయందు టెయిలరు ప్రభృతులు రేడియోధార్మికమైన ఉదజని గల థైమిడిన్‌తో ఒక చిక్కుడుజాతి మొక్క వేళ్లలో క్రొత్త డీఎన్ఏ జాడ పట్టిరి. 2008లో సాలిక్, మిచిసన్ అనువారు రేడియోధార్మికతతో పనిలేకయే, ఆల్కైన్ అను చిన్న కొక్కెముగల యక్షరమును వాడిరి. అజైడ్ గల వెలుగురంగు వచ్చి ఆ కొక్కెమునకు తగులుకొనును. ఆర్ఎన్ఏకును ఇట్టి యక్షరము ఆ యేడే వెలువడెను. ఈ తగులుకొను రసాయనమునకే 2022లో బెర్టోజి, మెల్డల్, షార్ప్‌లెస్ అను మువ్వురకు నోబెల్ బహుమానము లభించెను.

ఇందొక చిక్కు గలదు. దానిని దాచి పొగడుట మాకు సమ్మతము గాదు. ఆ కొక్కెమును తగిలించుటకు రాగి కావలెను. రాగి కణమునకు విషము. కావున గుర్తు సజీవకణములోనే చేరినను, దానిని వెలిగించి చూచుటకు సాధారణముగా కణమును చంపవలసివచ్చుచున్నది. రాగితో పనిలేని మార్గమును బెర్టోజి విదుషి 2004లో చూపెను గాని, రంగు కణములోనికి చొచ్చుటయు, మిగిలిన రంగు వెడలుటయు ఇంకను సులభము కాలేదు. గుర్తుగల యక్షరమే మితిమీరినచో డీఎన్ఏకు హాని చేయును. చూచువాని చేతనే నడక మారినయెడల, చూచినది సత్యమెట్లగును?

ఇవి పరదేశపు ముచ్చట్లని పాఠకులు తలపవలదు. ఆర్ఎన్ఏ నల్లుటకు వలసిన నాలుగు మూలద్రవ్యములలో ఏటీపీ యొకటి. 1929లో హార్వర్డునందు ఫిస్కెతో గూడి దానిని కనుగొనిన యెల్లాప్రగడ సుబ్బారావు భీమవరమున జన్మించిన ఆంధ్రుడు. అదే యేట జర్మనీయందు లోమనును కనుగొనెను. సుబ్బారావు నాయకత్వమున లెడర్లే పరిశోధనాలయములో రూపొందిన అమినోప్టెరిన్ అను మందు, డీఎన్ఏకు వలసిన థైమిన్ అక్షరము కణములో తయారగుటనే అడ్డగించును. ఆ వ్రాత సాగనిదే కణము రెండు గాజాలదు. 1948లో బోస్టనునందు ఫార్బరు దానిని రక్తపుకాన్సరుతో బాధపడు శిశువుల కిచ్చినప్పుడు కొందఱకు కొంతకాలము వ్యాధి తగ్గెను. సుబ్బారావు ఆ సంవత్సరమే గతించెను.

ఆ మహనీయుని పేరు తలచువారు గలరు. ఆయన పనిని తెనుగున విప్పిచెప్పువా రేరీ? హైదరాబాదులో 1977లో నెలకొన్న సీసీఎంబీ ప్రజాధనముతో నడచుచున్నది. గుంటూరు-నంద్యాల రైలుమార్గముననే తర్లుపాడున్నది. అక్కడి శాస్త్రజ్ఞు లొకరు ఆ స్టేషనులో దిగి, పిల్లలకు ఒక్కగంట తెనుగున మాటలాడుట కేమి యడ్డు? ఉల్లివేరు కొన, సూక్ష్మదర్శిని, ఎసిటోకార్మైన్ రంగు చాలును. కణము రెండగు దశలను బాలబాలికలు కన్నులార చూడగలరు. పాఠమును ఇంగ్లీషున వల్లింపజేయుటకు ముందే ఆ వేరును చూపింపుడని పాఠశాలాధికారులను కోరుచున్నాము.