నోము మనది, నియమం అందరిది

అమ్మ ఊరి నుంచి పంపిన వాట్సాప్ మెసేజ్ మీ ఫోన్‌లో ఎక్కడ భద్రంగా ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో. ఆండ్రాయిడ్ ఫోనైనా ఐఫోనైనా, క్రోమ్ అయినా ఫైర్‌ఫాక్స్ అయినా, లోపల పని చేసేది అదే. అమెరికాలో రిచర్డ్ హిప్ అనే ఆయన 2000లో దాన్ని మొదలుపెట్టారు. కాపీరైటు హక్కులు వదులుకుని లోకానికి ఇచ్చేశారు. ఎవరైనా వాడుకోవచ్చు, పైసా కట్టక్కర్లేదు. మామూలుగా ఇలాంటి ఫైళ్ళ పైభాగంలో బారెడు లైసెన్సు షరతులు ఉంటాయి. ఇందులో వాటి బదులు ఒక చిన్న ఆశీర్వచనం ఉంటుంది. చెడు కాక మంచి చేయమనీ, క్షమించమనీ, ఇచ్చినదానికన్నా ఎక్కువ తీసుకోవద్దనీ దాని సారం.

ఈ ప్రాజెక్టే 2018లో పెద్ద చర్చకు కారణమైంది. దీని సేవలు కొనే కంపెనీలు నమోదు ఫారాలు నింపమంటాయి. వాటిలో "మీ ప్రవర్తనా నియమావళి ఏది?" అని ఒక గడి ఉంటుంది. హిప్ గారు ఆ గడిలో రాయడానికి కొత్తగా ఏమీ తయారు చేయలేదు. 6వ శతాబ్దంలో ఇటలీలో సెయింట్ బెనెడిక్ట్ తన మఠంలోని సన్యాసుల కోసం రాసిన నియమాల గ్రంథం తీసి, అందులోని 4వ అధ్యాయాన్ని తమ నియమావళిగా పెట్టారు. డెబ్భైకి పైగా సూత్రాలు. దేవుణ్ణి నిండు మనసుతో ప్రేమించడంతో మొదలవుతాయి. ఉపవాసం ఉండటం, రోగుల్ని పలకరించడం, చనిపోయినవారికి అంత్యక్రియలు చేయడం, సణగకపోవడం, అతిగా తినకపోవడం, ఇలా సాగుతాయి.

అదే ఏడాది అక్టోబరులో అది పదిమంది కంటా పడింది. కొందరు వెక్కిరించారు, కొందరు మెచ్చుకున్నారు, కొందరు నిజంగానే నొచ్చుకున్నారు. దేవుణ్ణి నమ్మనివాళ్ళం ఇక్కడికి రావచ్చా అని ఒకరు, మా దేవుడు వేరు కదా అని ఇంకొకరు. కొద్ది రోజుల్లోనే ప్రాజెక్టువాళ్ళు ఆ పాఠానికి "నైతిక నియమావళి" అని పేరు మార్చి అలాగే ఉంచారు. ప్రవర్తనా నియమావళిగా మొజిల్లా సంస్థ తయారు చేసుకున్న మార్గదర్శకాలను పెట్టుకున్నారు.

ఇది మనకెందుకు అనిపించవచ్చు. మనలో చాలామందికి ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లోనే. ఉద్యోగం లేనివారి ఇళ్ళల్లో కూడా ఎవరో ఒకరు ఆ రంగంలో ఉంటారు. పిల్లలు హైస్కూల్లోనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో చేరిపోతున్నారు. అదీగాక ఈ తగాదాలో ఉన్న ప్రశ్న మన ఇళ్ళల్లో, మన తెలుగు సంఘాల్లో రోజూ ఎదురయ్యేదే. నా నమ్మకం నుంచి పుట్టిన మంచిని నలుగురూ పాటించాల్సిన నియమంగా పెట్టవచ్చా?

ముందు ఈ నియమావళులు ఎందుకొచ్చాయో చూద్దాం. ఓపెన్ సోర్స్ అంటే ముఖాలు చూసుకోని మనుషులు దేశదేశాల నుంచి కలిసి చేసే పని. మాటలన్నీ మెయిళ్ళలో, కామెంట్లలో. "ఈ కోడ్ బాగాలేదు" అనడానికీ "నువ్వు పనికిమాలినవాడివి" అనడానికీ మధ్య ఉన్న గీత అక్కడ ఇట్టే చెరిగిపోతుంది. ఆడపేరు కనిపిస్తే వేరే రకం మెసేజ్‌లు మొదలవుతాయి. వచ్చిన కొత్త అమ్మాయిలు నాలుగు రోజుల్లో మాయమైపోతారు. ఎవరూ కారణం అడగరు. అందుకే 2014లో కోరలీన్ ఆడా ఎమ్కీ అనే ప్రోగ్రామర్ "కాంట్రిబ్యూటర్ కవనెంట్" అనే ఒప్పందం రాశారు. ఏ ప్రాజెక్టు అయినా తీసుకుని వాడుకోవచ్చు. 2018 సెప్టెంబరులో లైనక్స్ కెర్నెల్ కూడా దాన్ని స్వీకరించింది. అదే సమయంలో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ తన మెయిళ్ళలోని దురుసుతనానికి క్షమాపణ చెప్పి కొన్నాళ్ళు పని నుంచి పక్కకు తప్పుకున్నారు.

అంటే ఒకే కాలంలో రెండు దారులు కనిపించాయి. ఒకటి పదిహేను శతాబ్దాల నాటి మఠం దారి. ఇంకొకటి ఏ మతం పేరూ ఎత్తకుండా, మతం కారణంగా ఎవరినీ తక్కువ చేయరాదని చెప్పే దారి.

ఈ రెంటినీ అర్థం చేసుకోవడానికి మనకు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. మన నోములు చాలు. నోము పట్టేది ఎవరు? నేను. ఉపవాసం నాది, నియమం నాది, ఉద్యాపన కూడా నాదే. వాయనం పుచ్చుకోవడానికి వచ్చిన పేరంటాలిని "నువ్వూ ఉపవాసం ఉన్నావా?" అని ఎవరూ అడగరు. ఆమెకు పసుపు, కుంకుమ, పండూ తాంబూలం ఇచ్చి కడుపునిండా భోజనం పెట్టి పంపుతాం. నోము గొప్పతనమంతా ఎదుటివారి మీద పెట్టకపోవడంలోనే ఉంది.

ఆ లెక్కన హిప్ గారు చేసింది నోమే. ఆ పాఠం ముందుమాటలో ఆయన చెప్పింది కూడా ఇంచుమించు అదే. మేము ఒకరితో ఒకరం, మా ఖాతాదారులతో, వాడేవాళ్ళతో ఈ పద్ధతిలో నడుచుకుంటామని మాట ఇస్తున్నాం, మీరు దీన్ని పాటించక్కర్లేదు, మంచిదని ఒప్పుకోనక్కర్లేదు అని. పైగా ఎస్‌క్యూలైట్‌లో కోడ్ రాసేది చిన్న బృందం. బయటివాళ్ళ దగ్గర నుంచి కోడ్ తీసుకోవడం వాళ్ళ పద్ధతి కాదు. అది ఒక ఇల్లు లాంటిది. ఇంటివాళ్ళు తమ పూజ తాము చేసుకుంటారు.

లైనక్స్ ఇల్లు కాదు, సత్రం. వేలమంది వచ్చి పోతుంటారు. సత్రం గోడ మీద రాయాల్సింది యజమాని నోము కాదు. ఎవరూ ఎవరినీ కొట్టకూడదు, తిట్టకూడదు, ఎవరైనా అలా చేస్తే ఫలానా గదిలో ఫలానావారికి చెప్పండి అని రాయాలి. నోముకీ నియమానికీ అసలు తేడా ఇదే. నోము తప్పితే నేనూ నా దేవుడూ చూసుకుంటాం. నియమం తప్పితే మూడోమనిషి ఒకరు వినాలి, విచారించాలి, తేల్చాలి. బెనెడిక్ట్ 4వ అధ్యాయంలో ఎన్ని మంచి మాటలున్నా, వేధింపు జరిగితే ఎవరికి చెప్పుకోవాలో ఆ జాబితాలో లేదు. విమర్శకుల మాటల్లో నాకు అన్నిటికన్నా బలంగా అనిపించింది ఇదే.

ఇంకో సంగతి ఉంది. ఆడవాళ్ళం మరీ జాగ్రత్తగా చూడాల్సినది. ఆ సూత్రాల్లో ఒకటి, ఎవరికీ అన్యాయం చేయవద్దనీ తనకు జరిగిన అన్యాయాన్ని ఓర్చుకోమనీ చెబుతుంది. అధికారం చేతిలో ఉన్న మనిషి ఆ మాట తనకు తాను చెప్పుకుంటే గొప్ప విషయం. ఎవరో తన ప్రాజెక్టును నోటికొచ్చినట్టు తిట్టినా తిరిగి తిట్టనని ఆయన ఒట్టు పెట్టుకున్నాడన్నమాట. అదే మాట, అసభ్యమైన మెసేజ్‌లు వస్తున్న ఇరవై ఏళ్ళ అమ్మాయి చేతిలో పెట్టి చూడండి. నోరు మూసుకోమన్నట్టు వినబడుతుంది.

ఆ గొంతు మనకు కొత్త కాదు. భూదేవంత ఓర్పు ఉండాలని చెప్పి ఎందరు ఆడపిల్లల్ని వెనక్కి అత్తవారింటికి పంపలేదు? ఓర్పు మంచి గుణం కాదని నేను అనను. ఎవరు ఎవరికి చెబుతున్నారన్నదాన్ని బట్టి దాని అర్థం మారిపోతుందని మాత్రం అంటాను. క్షమ, ఓర్పు, త్యాగం బలమున్నవాడు పట్టాల్సిన నోములు. వాటిని బలం లేనివారికి నియమంగా పెడితే అవి తలుపుకు గడియలవుతాయి.

అలాగని మతం వాసన తగలని నియమావళి ఎక్కడో గాలిలోంచి ఊడిపడిందని కూడా అనుకోవద్దు. కవనెంట్ అనే మాటే బైబిలు మాట. దేవుడికీ మనుషులకీ మధ్య ఒప్పందం అని అర్థం. తెలుగు బైబిల్లో దాన్ని ఏమంటారు? నిబంధన. పాత నిబంధన, కొత్త నిబంధన అని మన క్రైస్తవ బంధువుల ఇళ్ళల్లో వినే ఉంటారు. ఆఫీసు కాగితాల్లో షరతుకి వాడే మాట, చర్చిలో దైవ వాగ్దానానికి వాడే మాట మనకు ఒకటే! తనకు ఇష్టంలేనిది ఇతరులకు చేయవద్దన్న సూత్రం బెనెడిక్ట్ జాబితాలో ఉంది. తిక్కనగారి భారతంలో కూడా ఉంది, బడిలో మనం బట్టీపట్టినదే. ఇద్దరూ ఒకరి పేరు ఒకరు విని ఉండరు. మతాలు వేరైనా చేరిన చోటు ఒకటైనప్పుడు ఆ మాటను అందరి నియమంలో ధైర్యంగా రాసుకోవచ్చు. దేవుణ్ణి ప్రేమించు అనేది మాత్రం అలా రాయలేం. అది గొప్పది కాదని కాదు. ఒకరి బలవంతం మీద వచ్చే ప్రేమ ప్రేమ కాదు గనుక.

మతాన్ని పక్కన పెట్టడమంటే మతమున్న మనిషిని పక్కన పెట్టడం కాకూడదు. కాంట్రిబ్యూటర్ కవనెంట్ జాబితాలో మతం పేరు ఉన్నది అందుకే. బొట్టు పెట్టుకున్నామె, హిజాబ్ కట్టుకున్నామె, తలపాగా చుట్టుకున్నాయన, ఏమీ నమ్మనాయన నలుగురూ ఒకే బల్ల దగ్గర కూర్చోగలగాలి. సమావేశం అయ్యాక ముచ్చట్లన్నీ బార్‌లోనే పెడితే మందు ముట్టనివారు ఇంటిదారి పడతారు. పనికొచ్చే పరిచయాలన్నీ అక్కడే జరిగిపోతాయి. తినే పదార్థాల్లో మాంసం లేనివేవో, హలాల్ ఏదో ఒక చీటీ రాసి పెట్టడం పెద్ద పని కాదు. నియమావళిలో ఒక్క మాటగా ఉన్న గౌరవం ఇలాంటి చోట్లే నిజమవుతుంది.

మనకు బాగా దగ్గరి మాట ఇంకొకటి. 2021లో వచ్చిన కాంట్రిబ్యూటర్ కవనెంట్ 2.1 కూర్పులో, వివక్ష చూపకూడని అంశాల జాబితాలోకి కులం చేరింది. అదే ఏడాది వికీమీడియా ఆమోదించిన సార్వత్రిక ప్రవర్తనా నియమావళిలోనూ కులం ఉంది. 2003 నుంచి నడుస్తున్న మన తెలుగు వికీపీడియాకూ అది వర్తిస్తుంది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను చట్టంతో నిషేధించింది. కాలిఫోర్నియా శాసనసభ అలాంటి బిల్లునే ఆమోదిస్తే, ఉన్న చట్టాలు చాలునంటూ గవర్నరు అక్టోబరులో తిప్పి పంపారు. దాని మీద మన ఇళ్ళల్లో వాదనలు ఎంత వేడిగా జరిగాయో మీకు తెలుసు. మా మతాన్ని వేలెత్తి చూపుతున్నారని కొందరి బాధ. ఇన్నాళ్ళకు మా బాధకు ఒక పేరు దొరికిందని కొందరి ఊరట. ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, "అయితే మనవాళ్ళేనా?" అని తేల్చుకునే అలవాటు విమానమెక్కి మనతోపాటే వచ్చిందన్నది మాత్రం ఎవరూ కాదనలేరు. కోడ్ చూసి పెట్టమని అడిగిన కుర్రాడికి ఆ ప్రశ్న ఎదురైతే, అది పలకరింపో పరీక్షో అతనికి క్షణంలో అర్థమవుతుంది. జాబితాలో ఆ ఒక్క మాట ఉండటం అతనికి ధైర్యం.

ఇక మన తెలుగు బడుల సంగతి. శనాదివారాల్లో అద్దె హాల్లో నడిపే తరగతి సరస్వతీ ప్రార్థనతో మొదలవుతుంది. అక్కడికి గుంటూరు క్రైస్తవ కుటుంబం పాప వస్తుంది, హైదరాబాద్ ముస్లిం కుటుంబం బాబు వస్తాడు. వాళ్ళకూ తెలుగే అమ్మభాష. ప్రార్థన మానేయాలా? అక్కర్లేదంటాను. పాడేవారు పాడతారు, పాడనివారు నిశ్శబ్దంగా నిలబడతారు, లేదా అయిదు నిమిషాలు ఆగి వస్తారు. ఎందుకు పాడలేదని ఏ టీచరూ అడగకూడదు. ఆ మాట మాత్రం బడి నియమాల్లో తేటతెల్లంగా రాసి పెట్టాలి. ప్రార్థన నోము. అడగకపోవడం నియమం.

మీరుగానీ మీ అమ్మాయిగానీ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో చేరేముందు దాని నియమావళి తెరిచి అయిదు విషయాలు చూడండి. మతం, కులం, లింగం పేర్లు అందులో ఉన్నాయా? ఫిర్యాదు చేయడానికి బహిరంగ వేదిక కాకుండా విడిగా ఒక చిరునామా ఇచ్చారా? ఆ ఫిర్యాదు చదివేది ఒక్కరేనా, ఎక్కువమందా? ఫిర్యాదు వారిలో ఒకరి మీదే అయితే ఎవరు చూస్తారు? తప్పు చేస్తే ఏమవుతుందో చెప్పారా? కాంట్రిబ్యూటర్ కవనెంట్ 2.1 కూర్పులో నాలుగు మెట్లున్నాయి: సరిదిద్దడం, హెచ్చరిక, కొంతకాలం నిషేధం, శాశ్వత నిషేధం. ఈ అయిదు ప్రశ్నలకు జవాబు లేని నియమావళి ఎంత ఉదాత్తంగా ఉన్నా, దాన్ని శుభాకాంక్షల కార్డులా చదివి పక్కన పెట్టండి. జవాబులుంటే, రాసినవారు ఏ దేవుడికి దణ్ణం పెడతారో మీరు పట్టించుకోనక్కర్లేదు.

హిప్ గారి పాఠం ఇప్పటికీ ఎస్‌క్యూలైట్ వెబ్‌సైట్‌లో ఉంది. నాకు అది ఉండటమే బాగుంది. తన పనిని ఎవరి పేరున చేస్తున్నాడో చెప్పుకున్న మనిషి మీద నాకు గౌరవం. దాని పక్కన మరో కాగితం కావాలని అడిగినవారి మీదా అంతే గౌరవం. మన సంఘాల్లో, బడుల్లో, గుడి కమిటీల్లో కూడా ఈ రెండు కాగితాలూ విడివిడిగా ఉంటే సగం తగాదాలు తీరతాయి. మొదటిది ఎవరికి వారు రాసుకోవచ్చు. రెండోదాన్ని మాత్రం, దానివల్ల రేపు రక్షణ అవసరమయ్యేవారిని పక్కన కూర్చోబెట్టుకుని రాద్దాం.