ఆసుపత్రి వసతుల నిర్వహణ తరగతి గదిలో అబ్బదు



ఆసుపత్రి ఫెసిలిటీ మేనేజర్ల కొరతను పరిపాలనా కోర్సుల్లో సీట్లు పెంచి తీర్చవచ్చని మీ పత్రికలోని ఇటీవలి వ్యాసం చేసిన వాదన ఆ ఉద్యోగ స్వభావాన్ని తక్కువగా అంచనా వేసింది. ఫెసిలిటీ మేనేజర్ అంటే విద్యుత్తు, నీరు, వైద్య వాయువులు, అగ్నిరక్షణ వంటి, రోగి కంటికి కనబడని వ్యవస్థలన్నింటికీ జవాబుదారీ వహించే వ్యక్తి. 2021 ఏప్రిల్ 21న నాసిక్‌లోని జాకిర్ హుస్సేన్ మున్సిపల్ ఆసుపత్రిలో ద్రవ ఆక్సిజన్ ట్యాంకు లీకై, సరఫరా ఒత్తిడి పడిపోవడంతో 20 మందికి పైగా రోగులు మరణించారు. సుమారు మైనస్ 183 డిగ్రీల సెల్సియస్ వద్ద మరిగే ఆ ద్రవాన్ని ఏ వాల్వు దగ్గర ఆపాలో, సిలిండర్ల వరుసను ప్రధాన గొట్టానికి కలిపే మేనిఫోల్డ్ నుంచి పడకలకు వాయువును ఎలా మళ్లించాలో బొమ్మ గీసి చెప్పవచ్చు గాని, ఆ పని చేతికి అలవడాలంటే అనుభవజ్ఞుడైన టెక్నీషియన్ పక్కన నెలల తరబడి నిలబడాల్సిందే.

ఎంబీబీఎస్ విద్యార్థికి ఏడాది ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసిన దేశంలో, అదే రోగి ప్రాణవాయువుకు పూచీపడే వ్యక్తికి అటువంటి నిబంధన లేకపోవడం బాధాకరం. స్టైపెండుతో కూడిన శిక్షణకు 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ఇప్పటికే మార్గం చూపుతున్నందున, హైదరాబాద్‌లోని నిమ్స్, విశాఖలోని కేజీహెచ్ వంటి పెద్ద ఆసుపత్రులు మెకానికల్, ఎలక్ట్రికల్ అభ్యర్థులను ఏడాదిపాటు తీసుకోవాలి. వారిని ఫైళ్లు మోయడానికే పరిమితం చేస్తే ప్రయోజనం శూన్యం. నిపుణులు తక్కువగా ఉండే రాత్రి షిఫ్టులను కూడా వారికి అప్పగించి, ప్రతి జనరేటర్ పరీక్షను, ప్రతి వాయు అలారాన్ని వారి చేతనే నమోదు చేయించాలి.

— ఒక పాఠకురాలు