కోఠి స్తంభములు, మెదకు అద్దములు

పాశ్చాత్య నాగరికతకు గ్రీకు రోమనుల విద్య యొక వేరు, క్రైస్తవ ధర్మము వేరొక వేరు అని చదివి తల యూపుట సులభమే గాని, ఆ రెంటిని కన్నులార చూచుటకు ఏథెన్సు రోములకు పోనక్కరలేదని అలియాబాదులో కూర్చుండి యీ సంచికను కూర్చునప్పుడు మాకు తోచినది. ఇటు శామీర్‌పేట మీదుగా హైదరాబాదు నగరమునకు దిగినచో, పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్ళలో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి కిర్క్‌పాట్రిక్ దొర కట్టించిన కోఠి రెసిడెన్సీ ముంగిట, ఆకుల గుత్తులను శిరస్సున దాల్చిన కొరింథియను స్తంభము లారు నిలిచియున్నవి. ఆ యాకు గ్రీసు దేశపు ముండ్ల మొక్కది. మన పల్లెలలో దాని పేరెరిగినవారు లేరు. కంపెనీవారి యధికారము గతించినది. ఆ ప్రాంగణమున నేడు మన యాడుపిల్లలు చదువుకొనుచున్నారు.

అటు మేడ్చల్ మీదుగా మెదకునకు పోయినచో, కరవునాళ్ళలో కూలివారికి కూడు పెట్టుచు క్రైస్తవ మిషనరీ పాస్నెట్ దొర పదేండ్లు కట్టించగా 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైన క్రైస్తవ మహాదేవాలయము గలదు. దాని కిటికీ యద్దములు వెలుపలినుండి చూచిన మసక పలకలే. లోపల నిలిచి చూచిన క్రీస్తు జననము, సిలువ, ఆరోహణము రంగులలో జ్వలించును.

దొరతనముతో వచ్చిన వని వీనిని త్రోసిపుచ్చువారి తొందర మాకు నచ్చదు. బ్రౌను దొర 1829లో వేమనను ఆంగ్లమున వెలువరించెనని మనము పొంగిపోవుదుము. హోమరును, వర్జిలును మనలో నెంద రాదరించిరి?

మెదకునకు పోదలచిన పాఠకులు ప్రొద్దుననే బయలుదేరుదురు గాక. సూర్యుడు గ్రుంకిన పిదప ఆ యద్దములలో చూడదగిన దేమియు నుండదు.

— సంపాదకుడు, అలియాబాదు