కార్డులు పంచితే నేల బాగుపడుతుందా?

కొత్త సాంకేతికతను రైతులు అందుకోవడం లేదని, పాత అలవాట్లు వదలడం లేదని అధికారులు తరచూ అంటుంటారు. ఈ మాటలో నిజమెంతో భూసార పరీక్షల పథకాన్ని చూస్తే తెలుస్తుంది.

2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో ప్రధాని సాయిల్ హెల్త్ కార్డుల పథకాన్ని ప్రారంభించారు. మట్టిలో 12 అంశాలు పరీక్షించి, ఏ ఎరువు ఎంత వేయాలో రైతుకు చెప్పాలన్నది ఉద్దేశం. మంచిదే. తొలి విడతలోనే పది కోట్లకు పైగా కార్డులు ఇచ్చామని కేంద్రం ప్రకటించింది.

కానీ పరీక్షించిన మట్టి ఎవరి పొలంలోది? నీటి వసతి ఉన్నచోట 2.5 హెక్టార్లకు, మెట్టలో 10 హెక్టార్లకు ఒక నమూనా చొప్పున తీయాలని నిబంధన పెట్టారు. అంటే పాతిక ఎకరాల మెట్టకు ఒకే పరీక్ష. గట్టుకు ఈవల ఎర్రనేల, ఆవల నల్లరేగడి ఉండే ఊళ్లలో పక్క పొలం ఫలితం మన పేరున వస్తే ఎలా నమ్మాలి? పట్టాదారు ఇంటికి వెళ్లిన కార్డు సాగుచేసే కౌలు రైతుకు ఏం ఉపయోగం?

సరే, నమ్మాం. యూరియా తగ్గించి మిగతా పోషకాలు సమపాళ్లలో వేయమంది కార్డు. దుకాణానికి వెళితే 45 కిలోల యూరియా బస్తా రూ.266.50, 50 కిలోల డీఏపీ బస్తా రూ.1,350. 2010లో పోషకాల ఆధారిత సబ్సిడీ తెచ్చినప్పుడు కేంద్రం యూరియాను అందులో చేర్చలేదు. భాస్వరం, పొటాష్ ఎరువుల ధరలు పెరిగాయి. అప్పుతో సాగుచేసే రైతు చేతికందే బస్తానే కొంటాడు. వ్యవసాయ శాఖ కార్డులో వద్దన్నదాన్నే ఎరువుల శాఖ ధరలతో వేయిస్తోంది. తప్పు రైతు అలవాటుదా, ప్రణాళికదా?

అసలు లోపం ఇక్కడే ఉంది. కింది సిబ్బందికి ఇచ్చే లక్ష్యం ఎన్ని నమూనాలు, ఎన్ని కార్డులు అన్నదే. ఆ సలహాను ఎందరు పాటించగలిగారు, ఎకరాకు ఖర్చు ఎంత తగ్గింది అని అడిగేవారు లేరు. లెక్క పూర్తయితే పథకం పూర్తయినట్టే.

యూరియా ధర పెంచడమే మార్గమన్న వాదనను మేం ఒప్పుకోం. డీఏపీ, పొటాష్ ధరలు తగ్గించాలి. ప్రతి రైతు పొలంలో వేసవిలోనే మట్టి తీసి, తొలకరికి ముందే ఫలితం ఇవ్వాలి. కౌలు రైతు పేరున కార్డు రావాలి. జింకు, బోరాన్ వంటివి ఊళ్లోనే సబ్సిడీపై దొరకాలి. ఇవి చేసిన తర్వాత రైతు మారలేదంటే అప్పుడు మాట్లాడదాం.